ఏ దేవుడు బలవంతుడు? గుంటూరు–ప్రకాశం మైదానములలో దైవశక్తుల పోలిక: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

సిరియా రాజైన బెన్హదదు సేవకులు తమ ఓటమికి చెప్పిన కారణము బైబిలు పాఠకులకు తెలిసినదే. ఇశ్రాయేలు దేవుడు కొండలలో బలవంతుడు గనుక అక్కడ ఓడిపోయాము, మైదానములో యుద్ధము చేస్తే గెలుపు మనదే అని వారు లెక్క వేశారు (1 రాజులు 20:23). దేవుళ్ళను త్రాసులో పెట్టి తూచే ఈ ఆలోచన ఆ కాలముతో పోలేదు. 1980లో అమెరికాలో వెలువడిన ‘డీటీస్ అండ్ డెమిగాడ్స్’ అనే ఆట పుస్తకము గ్రీకు, ఈజిప్టు, భారతీయ దేవతలకు అంకెలలో బలము కేటాయించింది. 2005లో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ వీడియో గేములో ఒక యోధుడు యుద్ధదేవతనే చంపుతాడు. ‘స్మైట్’ అనే గేములో కాళి మొదలైన దేవతలను ఆటగాళ్ళు ఆడించే పోరాట పాత్రలుగా చూపినందుకు 2012లో హిందూ నాయకుల నుండి అభ్యంతరములు వచ్చాయి. ఈ ఆటలు ఆడే యౌవనస్థులు మన సంఘములలోనూ ఉన్నారు. “వీళ్ళందరిలో ఎవరు గొప్ప?” అని వారు అడిగే ప్రశ్నను పిల్లల ఆటగా కొట్టివేయలేము. ఎందుకనగా మన తాతముత్తాతలు అదే ప్రశ్నను ప్రాణములు పణముగా పెట్టి అడిగారు.

ప్రత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానములలో దైవశక్తులను ఎలా పోల్చారో, ఆ పోలిక 19వ శతాబ్దపు క్రైస్తవ ఉద్యమములో ఏ మలుపు తిరిగిందో ఈ వ్యాసములో పరిశీలిస్తాము. జిల్లాల పేర్లను 2022 పునర్విభజనకు పూర్వమున్న అర్థములోనే వాడుతున్నాము. మా వాదన ఒక్కటే. ఈ నేలమీద “ఏ దేవుడు బలవంతుడు?” అనే ప్రశ్న ఎన్నడూ ఆకాశములోని సంగతిగా మాత్రమే లేదు. డప్పు ఎవరు కొట్టాలి, బావి నీళ్ళు ఎవరు తోడుకోవాలి, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చొని తినాలి అనే ప్రశ్నలు దానితో ముడిపడి ఉన్నాయి.

1. ఈ నేలమీద పాత పోటీలు

క్రైస్తవ్యము రాకముందే ఈ ప్రాంతము అనేక దైవ పోటీలను చూసింది. 3వ శతాబ్దములో ఇక్ష్వాకులు నాగార్జునకొండ లోయలోని విజయపురి నుండి పాలించారు. వారిలో మొదటి రాజైన చాంతమూలుడు అశ్వమేధము మొదలైన వైదిక క్రతువులు చేశాడు. అతని సోదరి చాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యమునకు దానములిచ్చింది. ఒకే ఇంటిలో అన్న యజ్ఞము చేయగా చెల్లెలు చైత్యము కట్టించినట్లు శాసనములు చెబుతున్నాయి. అదే లోయలో జరిగిన త్రవ్వకములలో హారీతి దేవత ఆలయము కూడ బయటపడింది. బౌద్ధ కథనము ప్రకారము హారీతి మొదట పిల్లలను తినే యక్షిణి. బుద్ధుడు ఆమెను లొంగదీసి పిల్లలను కాపాడే తల్లిగా మార్చాడు. ఓడిన దేవతను ఊరి నుండి తరిమివేయక, పని మార్చి ఇంటిలోనే ఉంచుకొనే పద్ధతి ఇక్కడ మనకు కనబడుతుంది.

12వ శతాబ్దమునకు స్వరము కఠినమైంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో చందవోలు వేదికగా వెలనాటి రాజు కొలువులో శైవ పండితునికి, బౌద్ధాచార్యునికి వాదము జరుగుతుంది. వాదము మాటలతో ముగియదు. శిష్యులు బౌద్ధాచార్యుని చంపుతారు, రాజు పండితుని కన్నులు తీయిస్తాడు, శివుని కృపచేత అతనికి చూపు తిరిగి వస్తుంది. ఇది భక్తి కావ్యము గనుక ప్రతి సంఘటననూ చరిత్రగా తీసుకోలేము. అయినను, దేవుని శక్తిని ప్రత్యర్థి శరీరముమీదనూ భక్తుని శరీరముమీదనూ ఋజువు చేయాలనే ఆ కాలపు ఆలోచన ఇందులో స్పష్టముగా ఉంది.

పల్నాటి వీరగాథ మరొక సంగతి నేర్పుతుంది. మాచర్ల చెన్నకేశవుని భక్తుడైన బ్రహ్మనాయుడు ఒక ప్రక్క, శివభక్తురాలైన నాగమ్మ మరొక ప్రక్క నిలిచారు. కోడిపందెము, వనవాసము, చివరకు కారెంపూడి యుద్ధము జరిగాయి. ఆ యుద్ధములో వీరులు కూలిపోయారు. బలమే ప్రమాణమైతే వారిని మరచిపోవలసినది. కాని నేటికీ కార్తీక అమావాస్యకు కారెంపూడిలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అనే అయిదు రోజుల ఉత్సవము జరుగుతుంది. కూలిన వీరుల ఆయుధములకే పూజ జరుగుతుంది. గెలిచినవానిని మాత్రమే పూజిస్తారనే సిద్ధాంతము పల్నాడులో నిలువదు. ఈ గాథను తరతరములుగా పాడుతున్నవారు మాల కులమునకు చెందిన వీరవిద్యావంతులు. పండితుడైన జీన్ రోఘైర్ అలిశెట్టి గాలెయ్య నోట ఈ గాథను విని, దాని ఆధారముగా 1982లో గ్రంథము ప్రచురించాడు. గాథలో బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించాడు, అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టాడు. ఈ చాపకూడు సంగతిని చివరలో మరల చూస్తాము.

2. గ్రామదేవతలు: శక్తికి పొలిమేర

19వ శతాబ్దములో ఇక్కడి సామాన్య ప్రజల దైనందిన భయభక్తులు గుడిలోని దేవునికంటే ఎక్కువగా గ్రామదేవతలకు చెందినవి. పోలేరమ్మ, అంకమ్మ మొదలైన అక్కచెల్లెళ్ళు, వారి తమ్ముడు పోతురాజు ఊరిని కాచేవారు. మద్రాసు బిషప్పు హెన్రీ విట్‌హెడ్ 1916లోనూ, తెలుగు ప్రాంతములో పనిచేసిన బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లోనూ ప్రచురించిన గ్రంథములు ఈ ఆరాధనను వివరముగా నమోదు చేశాయి. ఇద్దరూ మిషనరీలే గనుక వారి తీర్పులను జాగ్రత్తగా చదవాలి. అయితే వారు చూసి వ్రాసిన ఆచారములు నేటి పరిశోధకులకు కూడ ఉపయోగపడుతున్నాయి.

ఈ వ్యవస్థలో మనము గమనించవలసిన మొదటి సంగతి ఏమనగా, ప్రతి శక్తికీ ఒక పని, ఒక హద్దు ఉన్నాయి. పోలేరమ్మ పొలిమేరను కాస్తుంది, మశూచిని పంపేదీ తీసేదీ ఆమెయే. అమ్మవారు పోసింది అనే మాట రోగమునకూ దేవతకూ ఒకటే పేరు పెట్టింది. కొలుపులు చేసినప్పుడు దున్నపోతును బలియిచ్చి, తల నరికి, దాని ముందు కాలును నోటిలో పెట్టి, తలమీద దీపము వెలిగించేవారు. రక్తము కలిపిన అన్నమును ‘పొలి’గా ఊరి చుట్టూ పొలిమేర వెంబడి చల్లేవారు. పొలి పడినంత మేర అమ్మ కాపుదల ఉండేది. పొలిమేర దాటితే ఆ ఊరి అమ్మ వేరు. బెన్హదదు సేవకులు ఈ ఊళ్ళకు వచ్చి ఉంటే వారి వేదాంతము ఎవరికీ వింతగా తోచేది కాదు.

రెండవ సంగతి ఏమనగా, ఇక్కడ శక్తి అంటే మంచితనము కాదు. అమ్మను ప్రేమించడముకంటే శాంతింపజేయడము ముఖ్యము. వర్షము రాకపోయినా, పశువులకు గాళ్ళు వచ్చినా, కలరా వచ్చినా ఆమెకు ఏదో లోటు జరిగిందని భావించేవారు. ఆ లోటు తీర్చవలసినది ఒక వ్యక్తి కాదు, ఊరంతా. ఒక్క కులము తన వంతు పని మానుకొన్నా ఊరంతటికీ కీడు అని నమ్మేవారు. ఈ నమ్మకమే తరువాత జరిగిన ఘర్షణలకు మూలము.

3. డప్పు ఎవరి చేతిలో ఉంది?

కొలుపులో మాదిగల పాత్ర లేకుండా ఏమీ జరిగేది కాదు. తోలు వారిది, డప్పు వారిది, దున్నను నరికే పని అనేక చోట్ల వారిది, చచ్చిన పశువును ఈడ్చే పనీ వారిదే. మాతంగి అనే మాదిగ స్త్రీ అమ్మవారి ఆవేశముతో అగ్రవర్ణములవారిని తిడుతూ వారిమీద కల్లు ఉమ్మితే వారు దానిని పవిత్రముగా స్వీకరించేవారని థర్‌స్టన్, ఎల్మోర్, ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ మొదలైనవారు వ్రాశారు.

కొంతమంది నేటి రచయితలు ఈ ఆచారములో అణగారిన స్త్రీకి లభించిన అధికారమును చూస్తున్నారు. అందులో కొంత నిజముంది. అయితే ఆ అధికారము కొలుపు ముగిసేవరకే. మరునాడు ఆమె బావి దగ్గర దూరముగా నిలబడవలసినదే. పైగా దేవతకు అర్పించబడిన స్త్రీల జీవితములు ఎంత దోపిడికి గురయ్యాయో మనకు తెలుసు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీల అర్పణను నిషేధిస్తూ చట్టము చేయవలసి వచ్చింది. దేవత శక్తిని ఊరిలోనికి తెచ్చేది మాదిగ చేయి, ఆ శక్తి ఫలము అందరికంటే తక్కువగా దక్కేది మాదిగ ఇంటికి. ఈ వ్యత్యాసమును గుర్తించకుండా ఒంగోలు ఉద్యమమును అర్థము చేసుకోలేము.

4. ఒంగోలు ఉద్యమము, 1866–1878

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. ఫలితములు అంతంత మాత్రమే. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద ప్రార్థించారు. గుంటూరులో 1842 జూలై 31న అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ హయ్యర్ తరువాత పల్నాడులోనూ పనిచేశాడు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు.

అదే సంవత్సరము తోళ్ళ వ్యాపారము చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందాడు. ఇతని స్వగ్రామము తాళ్ళకొండపాడు. ఇతడు అంతకుముందే యోగమార్గములో గురువును వెదకినవాడు. అనగా గ్రామదేవతల భయమునుండి నేరుగా సంఘములోనికి దూకినవాడు కాదు, మధ్యలో సత్యమును అన్వేషించినవాడు. ఉద్యమమునకు తొలి నాయకుడు ఇటువంటి మనిషి కావడము గమనార్హము. 1867 జనవరిలో ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందారు.

మాదిగలను చేర్చుకొంటే తాము రామని అగ్రవర్ణములవారు క్లౌకు చెప్పారు. ఆ సందర్భములో ఆయన, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీయులకు 1:26–29 కనబడిందని క్లౌ తన జ్ఞాపకములలో చెప్పాడు. బలహీనులను దేవుడు ఎన్నుకొన్నాడని చెప్పే వాక్యభాగమది. బలాబలముల పోటీకి అలవాటుపడిన నేలమీద సంఘము తన మొదటి నిర్ణయమును బలహీనతను గూర్చిన వాక్యముమీద చేసింది.

విశ్వాసులకు మూడు నియమములు పెట్టారు: ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. చూడడానికి ఇవి మతనియమములు. ఊరి దృష్టిలో ఇవి సమ్మె. విగ్రహములకు మ్రొక్కనివాడు కొలుపులో డప్పు కొట్టడు. డప్పు లేకపోతే కొలుపు సాగదు. కొలుపు సాగకపోతే అమ్మ కోపగించుకొంటుంది. అందువలన ఊరి పెద్దలు తమ భద్రత కొరకే విశ్వాసులను లొంగదీయాలనుకొన్నారు. బావులు మూశారు, చాకలి మంగలి పనులు ఆపించారు, పొలము పనులకు పిలువలేదు, కొట్టారు. పాత ఆచారము ప్రకారము డప్పు కొట్టే మనిషి ఇప్పుడు కొట్టనని చెప్పి, దాని ఫలితము తన పిల్లలమీద, తన పొలిమేరలో ఏమవుతుందో అని వేచి చూశాడు. శక్తుల పోలిక ఇక్కడ నిజమైన పరీక్షకు వచ్చింది.

ధాత కరువు (1876–78) ఆ పరీక్షను ఊరందరికీ పెట్టింది. వర్షములు పోయాయి, ఆకలి వెనుక కలరా వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి పని కల్పించాడు. బోధకులు అక్కడ మేస్త్రీలుగా పనిచేశారు. తిట్లు లేకుండా పని, లెక్క తప్పకుండా కూలి దొరికాయి. ఆ కాలములో సుమారు 15 నెలలు క్లౌ బాప్తిస్మములు ఆపివేశాడు. ఆహారము కొరకు మతము మార్చుకొన్నారనే నింద రాకూడదని ఆయన ఉద్దేశ్యము. సహాయ పనులు ముగిసిన తరువాత కూడ జనము ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొంటూ ఆరుగురు బోధకులు ఈ పని చేశారు. ఆ సంవత్సరాంతమునకు లెక్క 9,606కు చేరింది.

5. రెండు లెక్కలు

ఈ సంఖ్యలను “క్రీస్తు పోలేరమ్మను ఓడించాడు” అని ఒక్క మాటలో చెప్పే అలవాటు మన ప్రసంగములలో ఉంది. చరిత్ర అంత సులువుగా లేదు.

మొదటిది, కరువు ఎవరి పక్షమూ వహించలేదు. కొలుపులు చేసినవారు చనిపోయారు, ప్రార్థించినవారూ చనిపోయారు. కలరా క్రైస్తవుని గుడిసెను దాటి వెళ్ళలేదు. ఫలితమును బట్టి శక్తిని కొలిచేవానికి ఈ కరువు రెండు త్రాసులనూ ఖాళీగా చూపించింది.

రెండవది, మిషనరీ ఒక లెక్క వేశాడు, విశ్వాసి మరొక లెక్క వేశాడు. చాలామంది మిషనరీల దృష్టిలో పోలేరమ్మ ఒక రాయి మాత్రమే. లేని దానితో పోటీ లేదు. కొత్త విశ్వాసికి అట్లు కాదు. నిన్నటివరకు తన బిడ్డను తీసుకొనగలిగిన అమ్మ నేడు ఒక్కసారిగా లేకుండా పోదు. ఆమె ఉంది, గాని తాను ఇప్పుడు ఆమె పొలిమేరలో లేడు అని అతడు నమ్మి ఉండవచ్చు. పౌలు మాటలలో ఈ రెండు స్వరములూ ఉన్నాయి: విగ్రహము వట్టిదని చెప్పిన వెంటనే, దేవతలనబడినవారు అనేకులున్నారని ఒప్పుకొని, మనకైతే ఒక్కడే దేవుడని ముగిస్తాడు (1 కొరింథీయులకు 8:4–6).

అయితే కరువు తరువాత అంతమంది ఎందుకు వచ్చారు? మా అభిప్రాయములో, వారు శక్తిని కాదు, నమ్మకత్వమును తూచారు. కాలువ గట్టున తమతో పాటు ఎండలో నిలిచినవారు ఎవరో, రోగులను విడిచి పారిపోనివారు ఎవరో, తమ కులమువాడే గురువుగా నిలిచి వాక్యము చెప్పినది ఎక్కడో వారు చూశారు. పేరయ్య వంటివారు దేవుని బలమును చూపలేదు, దేవుని సహవాసమును చూపారు. కూలి, గౌరవము, చదువు అనే ఆశలు ఇందులో లేవని మేము చెప్పడము లేదు. అణగద్రొక్కబడినవాడు తలెత్తాలని కోరుకోవడము భక్తికి విరోధము కాదు.

6. మశూచి పోయిన తరువాత

శక్తిని బట్టి దేవత నిలుస్తుందనే వాదమును పరీక్షించడానికి చరిత్ర మనకు మరొక అవకాశమిచ్చింది. భారతదేశములో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య సభ ఈ రోగము భూమిమీద లేదని ప్రకటించింది. పోలేరమ్మ చేతిలోని అతి పెద్ద ఆయుధము అంతటితో పోయింది. ఆట నియమముల ప్రకారమైతే ఆమె బలము సున్నాకు పడిపోవాలి.

కాని పోలేరమ్మ గుడులు మూతపడలేదు. వాటిలో అనేకము సిమెంటు గోపురములతో పెద్దవయ్యాయి. నెల్లూరు ప్రక్కన వెంకటగిరిలో భాద్రపద మాసములో జరిగే పోలేరమ్మ జాతరకు జనము తరగలేదు. అమ్మ ఊరి జ్ఞాపకము, పుట్టింటికి వచ్చే ఆడపడుచుల కలయిక, పంట మ్రొక్కు అయింది. మరోవైపు, మశూచిని తొలగించినది టీకా. టీకాలు వేసిన వైద్య సిబ్బందిలో అన్ని మతములవారూ ఉన్నారు. కాబట్టి ఈ విజయమును సంఘము తన ఖాతాలో వ్రాసుకోలేదు. రోగము పోయినా దేవత నిలిచింది, దేవత నిలిచినా సంఘము నిలిచింది. బలాబలముల పట్టిక ఈ రెంటిలో దేనినీ వివరించలేదు.

7. లేఖనముల వెలుగులో

శక్తుల పోటీని బైబిలు దాచదు. దాగోను మందసము ఎదుట బోర్లపడ్డాడు (1 సమూయేలు 5). కర్మెలుమీద అగ్ని దిగింది (1 రాజులు 18). అయితే ప్రతి చోటా కథ ఆ తరువాత కూడ సాగుతుంది. దాగోను పడకముందు మందసమే శత్రువుల చేతికి చిక్కింది. కర్మెలు తరువాత ఏలీయా యెజెబెలుకు భయపడి పారిపోయి, అగ్నిలో గాక మెల్లని స్వరములో ప్రభువును కలుసుకొన్నాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు దేవుడు తమను రక్షింపగలడని చెప్పి, రక్షింపకపోయినను ప్రతిమకు మ్రొక్కమన్నారు (దానియేలు 3:17–18). ఆ రెండవ మాటతో పోటీ నియమమే మారిపోయింది. చివరకు సిలువ క్రింద నిలిచినవారు క్రీస్తును అడిగినదీ బలప్రదర్శనే: దిగి వస్తే నమ్ముతాము (మార్కు 15:32). ఆయన దిగి రాలేదు.

ఈ మైదానములలో ఈ వేదాంతము పుస్తకములోనిది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులు హతమయ్యారు. ఆ రోజులలో ఏ దేవుడు బలవంతుడని అడిగితే జవాబు ఎవరి నోట రాగలదు? బలవంతుల పక్షమున ఉండేవాడే బలమైన దేవుడైతే, ఆ పల్లెల తల్లులకు మన సువార్తలో చోటు లేదు. హతులైనవారితో హతుడైన క్రీస్తును ప్రకటించినప్పుడే మాట్లాడడానికి మనకు నోరు ఉంటుంది.

ముగింపు

పై పరిశీలనను బట్టి సంఘ కాపరుల ఎదుట మూడు సంగతులు ఉంచుతున్నాము.

మొదటిది, సాక్ష్యములను గూర్చి. అమ్మవారి గుడికి పోయినా తగ్గని రోగము ప్రార్థనతో తగ్గిందని చెప్పేవారిని ఆపనక్కరలేదు. వారు అనుభవించినది చెబుతున్నారు. అయితే అదే మన బోధకు పునాది అయితే, ప్రార్థించినా తగ్గని ఇంటివారు ఏ దేవునివైపు చూడాలి? 1987–88లో తెల్లదోమ ప్రత్తిని నాశనము చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతులలో కొందరు ప్రాణములు తీసుకొన్నారు. దోమ ఏ రైతు మతమునూ అడగలేదు. ఫలితమును బట్టి వచ్చినవాడు ఫలితమును బట్టే వెళ్ళిపోతాడు.

రెండవది, పొరుగువారిని గూర్చి. పోలేరమ్మను ఎగతాళి చేసే ప్రసంగము మన ఇరుగుపొరుగును మాత్రమే కాదు, మన అవ్వలనూ ఎగతాళి చేస్తుంది. వారు ఆమెకు భయపడుతూనే ఆమెను విడిచిపెట్టారు. ఆ భయము ఎంత నిజమో గుర్తించనివానికి ఆ ధైర్యము ఎంత గొప్పదో అర్థము కాదు.

మూడవది, మన బల్లను గూర్చి. ఒంగోలు బాప్టిస్టు సంఘములు ఎక్కువగా మాదిగలతోనూ, గుంటూరు లూథరన్ సంఘములు ఎక్కువగా మాలలతోనూ పెరిగాయి. ఆ గీత ఇంకను అనేక ఊళ్ళలో చెరిగిపోలేదు. సంబంధములు కలుపుకొనేటప్పుడు, సమాధుల స్థలము దగ్గర, కొన్ని చోట్ల గుడి విషయములోనూ అది కనబడుతుంది. పొలిమేర దేవతను విడిచినవారము పొలిమేరను మాత్రము తెచ్చుకొన్నాము. పల్నాటి గాథలో బ్రహ్మనాయుడు ఒక్క చాపమీద కూడు పెట్టగలిగాడు. ప్రభువు బల్ల ఆ చాపకంటే చిన్నదిగా ఉంటే, మన దేవుడు గొప్పవాడని ఎంత గట్టిగా పాడినా ఊరు వినదు.

చివరగా వేదాంత విద్యార్థులకు ఒక మనవి. మిషనరీల నివేదికలలో బాప్తిస్మముల లెక్క ఉంది గాని, మొదటిసారి డప్పు కొట్టనని చెప్పిన మనుష్యుల పేర్లు చాలావరకు లేవు. ఆ జ్ఞాపకములు పల్లెలలోని వృద్ధుల దగ్గర ఇంకను కొంతవరకు మిగిలి ఉన్నాయి. సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు మీ పేటలో డప్పు ఎప్పుడు ఆగింది, ఆ సంవత్సరము ఏ బావి మూశారు, నీళ్ళు ఎవరు పోశారు అని అడిగి వ్రాసి తీసుకొనిరండి. ఈ ప్రాంతపు సంఘ చరిత్రలో రావలసిన తరువాతి అధ్యాయము అదే.